సర్క్యులర్ వెనుక తీర్మానం ఉందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి వేరే జిల్లాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. రెండో ఏడాదికి వచ్చాక ఫీజు పెంచుతూ రిజిస్ట్రార్ సంతకంతో సర్క్యులర్ ఇచ్చారు. అడిగితే "పైనుంచి వచ్చింది" అంటున్నారు. ఆ పైన ఎవరు? కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 1926లో మొదలైన మన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సహా రాష్ట్రంలో చాలా యూనివర్సిటీలు 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తాయి. గవర్నర్ ఛాన్సలర్. పాలన, డబ్బు వ్యవహారాలు పాలకమండలివి, చదువుల సంగతి అకడమిక్ సెనేట్‌ది. అత్యవసరమైతే వీసీ (వైస్ ఛాన్సలర్) ముందుగా నిర్ణయం తీసుకోవచ్చు, కానీ ఆ తర్వాత దాన్ని సంబంధిత మండలి ముందు పెట్టాలి. రిజిస్ట్రార్ సంతకం నిర్ణయాన్ని తెలియజేయడానికే.

అందుకని సర్క్యులర్ పైభాగంలో "రిఫరెన్స్" అని ఉండే వరుస చూడండి. పాలకమండలి తీర్మానం నంబరు, తేదీ ఉన్నాయా? "వీసీ ఉత్తర్వుల మేరకు" అని మాత్రమే ఉందా? రెండో రకమైతే గట్టిగా అడగాల్సిందే. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఆ తీర్మానం నకలు, దాని వెనకున్న ఫైలు నోట్ అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

ఈలోగా అమ్మాయి చేరినప్పటి ప్రాస్పెక్టస్ బయటకు తీయండి. అందులో చెప్పినదాని కంటే ఎక్కువ అడగడం యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదు కిందికే వస్తుంది. యూనివర్సిటీలోని ఫిర్యాదుల కమిటీకి రాయండి, అక్కడ న్యాయం జరగకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ప్రాస్పెక్టస్‌లోనే "ఫీజు సవరించే అధికారం మాకుంది" అని రాసి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

కోర్టు సంగతి. ప్రభుత్వ సంస్థ నిర్ణయాన్ని సవాలు చేసే రిట్ పిటిషన్‌ను విశాఖ జిల్లా కోర్టులో వేయడం కుదరదు, అమరావతిలోని హైకోర్టుకే వెళ్లాలి. ఫీజు ఎంత ఉండాలన్న దాంట్లో కోర్టు సాధారణంగా తలదూర్చదు. అధికారం లేనివారు పెంచారని చూపగలిగితే మాత్రం వింటుంది. ఆ తీర్మానం నకలు కావాలన్నది అందుకే.

ఒక్క మాట మాత్రం మరచిపోకండి. ఫీజు గడువు దాటనివ్వకండి. "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను" అని లేఖ ఇచ్చి, నకలుపై ఆఫీసు ముద్ర వేయించుకుని కట్టేయండి. ఈ టెన్షన్‌లో పిల్ల పరీక్ష పోకూడదు.