టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే థైరాయిడ్ తక్కువని ఎందుకంటారు? మాత్ర వేసుకుంటే గ్రంథి పాడవుతుందా?

మీ అమ్మగారికి టీఎస్‌హెచ్ 14 వచ్చిందని, డాక్టరేమో "థైరాయిడ్ తక్కువుంది" అన్నారని రాశారు. మాత్ర మొదలుపెడితే ఉన్న గ్రంథి కూడా పని మానేస్తుందని చుట్టాలు భయపెడుతున్నారనీ అన్నారు. నేను చాలా ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. థైరాయిడ్ రిపోర్టు తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది కౌంటర్ దగ్గరే నిలబడి అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. "హార్మోన్ తయారుచెయ్యి" అని గొంతు దగ్గరున్న థైరాయిడ్‌కి అది పంపే కబురే టీఎస్‌హెచ్. ఆ కబురు అందుకుని థైరాయిడ్ ఎక్కువగా టీ4, కొద్దిగా టీ3 అనే హార్మోన్లని రక్తంలోకి వదులుతుంది. అవి ఎంత ఉన్నాయో పిట్యూటరీ, దాని పైనున్న హైపోథాలమస్ అనే మెదడు భాగం ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉంటాయి. చేలో దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టే ఇదంతా. పలికితే ఊరుకుంటాం, పలక్కపోతే గొంతు పెంచుతాం. మీ రిపోర్టులో 14 అంటే పిట్యూటరీ గట్టిగా కేకలు వేస్తోందని, థైరాయిడ్ సరిగ్గా పలకడం లేదని అర్థం. పెద్దవాళ్లలో మామూలుగా ఇది 0.4 నుంచి 4 మధ్య ఉంటుంది. ల్యాబును బట్టి, వయసును బట్టి హద్దులు కాస్త అటూ ఇటూ అవుతాయి.

టీ4 కొంచెం తగ్గినా చాలు, టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే చాలామందికి ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉండే టీ4) ఇంకా నార్మల్‌లోనే కనిపిస్తున్నా టీఎస్‌హెచ్ మాత్రం ముందే హద్దు దాటేస్తుంది. డాక్టర్లు మొదట ఈ ఒక్క పరీక్షే రాయడానికి కారణం అదే. అయితే కేక వేయాల్సిన పిట్యూటరీయే దెబ్బతింటే ఈ లెక్క పనిచేయదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన కొందరు ఆడవాళ్లకి ఇలా జరుగుతుంది. వాళ్లలో టీఎస్‌హెచ్ చూడ్డానికి నార్మల్‌గానే ఉండొచ్చు, ఫ్రీ టీ4 చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

ఇక చుట్టాల భయం. పెద్దవాళ్లలో థైరాయిడ్ తగ్గడానికి ఎక్కువగా కనిపించే కారణం హషిమోటో జబ్బు. మన రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రంథిని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. మాత్ర మొదలుపెట్టకముందే జరిగిన నష్టం అది. థైరాయిడ్ తగ్గినవాళ్లకి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్రలో ఉండేది అచ్చంగా మన థైరాయిడ్ తయారుచేసే టీ4 లాంటిదే. గ్రంథి ఇవ్వలేని లోటును అది పూడుస్తుంది, గ్రంథిని మాత్రం పాడుచేయదు. కాన్పు తర్వాత కొన్నాళ్లు మాత్రమే థైరాయిడ్ తగ్గినవాళ్లలో గ్రంథి కోలుకుంటే డాక్టర్లే మాత్ర ఆపిస్తారు. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు థైరాయిడ్ బాగా తగ్గిపోయిన ఒకావిడకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆవిడ ఆ వైద్యంతోనే ఇంకో 28 ఏళ్లు బతికింది. "జీవితాంతం మాత్రా?" అని ఎవరైనా దిగులుపడితే నేను ఆవిడ గురించే చెబుతాను.

మాత్రతో గ్రంథి పని మానేస్తుందన్న భయం బహుశా స్టెరాయిడ్ మాత్రల నుంచి పుట్టి ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ లాంటివి వారాల తరబడి వాడితే పిట్యూటరీ, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులకి కబురు పంపడం తగ్గించేస్తుంది, అవి చిక్కిపోతాయి. ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే డోసు మెల్లగా దించుతారు. ఆ జాగ్రత్త స్టెరాయిడ్‌కి అవసరం. దాన్ని తెచ్చి థైరాయిడ్ మాత్రకి అంటగడితే రోగికే నష్టం.

థైరాయిడ్ మాత్ర మానేస్తే ఏమవుతుందో మా పిన్ని విషయంలో కళ్లారా చూశాను. మాత్రతో టీఎస్‌హెచ్ 3కి దిగగానే "నార్మల్ వచ్చిందిగా, ఇంకెందుకు" అని మానేసింది. రెండు వారాలదాకా ఏ తేడా లేదు, దాంతో ధైర్యం పెరిగింది. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, కాబట్టి పాత మందు ఇంకా ఆదుకుంటూనే ఉంటుంది. తర్వాత్తర్వాత మే నెల ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపమనేది. గొంతు బొంగురుపోయింది, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, గాజులు చేతికి బిగుసుకుపోయాయి. మళ్లీ మాత్ర మొదలుపెట్టాక కూడా ఒక్కరోజులో తేరుకోలేదు. డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ మళ్లీ పరీక్ష చేయించమనరు, ఎందుకంటే పిట్యూటరీ ఆ కొత్త మోతాదుకి కుదురుకోవడానికి అంత సమయం కావాలి. వారానికోసారి పరీక్ష చేయించుకునేవాళ్లని చూస్తే డబ్బు దండగ చేసుకుంటున్నారని నాకు బాధగా ఉంటుంది.

శాంపిల్ తీసేముందు నేను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" థైరాయిడ్ తగ్గితే జుట్టు రాలుతుంది, దానికోసం చాలామంది సొంతంగా బయోటిన్ కొనుక్కుంటారు. కొన్ని రకాల మిషన్లలో పరీక్ష జరిగే పద్ధతికే బయోటిన్ అడ్డుపడుతుంది. ఎక్కువ మోతాదులో వాడితే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా చూపిస్తుంది. మనిషికేమో థైరాయిడ్ తక్కువ, రిపోర్టేమో ఎక్కువని చెబుతుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే ఎంత ఇబ్బందో ఆలోచించండి. కనీసం రెండు రోజుల ముందు ఆపి రమ్మంటాను.

అమ్మగారికి గుండె జబ్బు ఉన్నా, వయసు ఎక్కువైనా డాక్టరుకి ముందే చెప్పండి, అలాంటివాళ్లకి తక్కువ డోసుతో మొదలుపెడతారు. మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. క్యాల్షియం, ఐరన్ మాత్రలు దీంతోపాటు వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అమ్మగారు ఇప్పటికే క్యాల్షియం వాడుతుంటే దాన్ని రాత్రి భోజనం తర్వాతకి మార్చుకోవచ్చా అని డాక్టరుని అడగండి.