వయసు నిరూపించుకోమని గేమ్ అడిగితే ఐడీ ఫొటో ఇచ్చేయాలా?

ఈమధ్య తిప్పి తిప్పి ఒకటే ప్రశ్న వస్తోంది, అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నా. ఒక పాఠకుడు రాసిన మెయిల్‌లో దాదాపు అందరి గోడూ ఉంది: "నాకు 22 ఏళ్లు సార్. చాలాకాలంగా ఆడుతున్న ఆన్‌లైన్ గేమ్ అప్‌డేట్ చేయగానే వయసు నిరూపించుకోమంది. సెల్ఫీ స్కాన్ చేస్తే 18 లోపే అని తేల్చేసింది. ఇప్పుడు ఐడీ కార్డు ఫొటో పెట్టమంటోంది, పెట్టకపోతే వాయిస్ చాట్ ఉండదట. గవర్నమెంట్ రూల్ అంటున్నారు. ఇచ్చేయనా?"

వెంటనే ఇవ్వకండి. ముందు ఆ స్క్రీన్‌ని కిందదాకా స్క్రోల్ చేసి చూడండి, పెద్ద రంగు బటన్ ఐడీ అప్‌లోడ్‌దై ఉండొచ్చు, వేరే పద్ధతి ఉంటే అది దానికింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఉండొచ్చు. మంచి వెలుతురులో సెల్ఫీ ఇంకోసారి ట్రై చేసే అవకాశం గానీ, క్రెడిట్ కార్డుతో చెక్ చేసే ఆప్షన్ గానీ ఉంటే అదే వాడండి. కార్డు వివరాలు లీకైతే బ్లాక్ చేసి కొత్తది తీసుకుంటాం, పుట్టినతేదీనీ మొహాన్నీ ఏం చేస్తాం?

స్కాన్ మిమ్మల్ని పిల్లాడనుకోవడం నాకేం ఆశ్చర్యంగా లేదు. బ్రిటన్‌లో ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం కింద 2025 జులై 25 నుంచి వయసు తనిఖీలు గట్టిగా మొదలయ్యాయి, ఆ రోజుల్లోనే కొందరు ఒక గేమ్ ఫొటో మోడ్‌లోని క్యారెక్టర్ మొహాన్ని కెమెరా ముందు పెట్టి, దాంతో నోరు తెరిపించి మరీ స్కాన్ దాటేశారు. బొమ్మని పెద్దవాడని నమ్మి నిజం మనిషిని చిన్నపిల్లాడంటే ఆ భారం ఎవరి మీద పడాలి? ఇప్పుడైతే ఆటగాడి మీదే పడుతోంది.

నన్ను బాగా భయపెడుతున్నది ఆ తర్వాతి మెట్టు. స్కాన్ తప్పు చెప్పింది బాబూ అని అప్పీల్ పెడితే కస్టమర్ సపోర్ట్ ఐడీ ఫొటో పంపమంటుంది కదా, ఆ ఫొటో ఎక్కడికి వెళ్తుందో చాలామంది ఆలోచించరు. 2025 అక్టోబర్‌లో గేమర్లు బాగా వాడే ఒక చాట్ యాప్ సుమారు 70,000 మంది ప్రభుత్వ ఐడీల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ఒప్పుకుంది. దొంగలు పడింది ఆ యాప్ సొంత సర్వర్ల మీద కాదు, కస్టమర్ సపోర్ట్ కోసం పెట్టుకున్న బయటి కంపెనీ సిస్టమ్ మీద. ఆ ఐడీలు ఎవరివంటే, వయసు విషయంలో అప్పీల్ పెట్టుకున్నవాళ్లవి, అంటే సరిగ్గా ఈ 22 ఏళ్ల పాఠకుడి లాంటివాళ్లవి. అందుకే చెప్తున్నా, సపోర్ట్ టికెట్‌కి అటాచ్‌మెంట్‌గా గానీ మెయిల్‌లో గానీ ఐడీ పంపొద్దు.

ఇదేదో కొత్త సమస్య అనుకునేరు, కాదు. దక్షిణ కొరియాలో 2011 నవంబర్‌లో షట్‌డౌన్ చట్టం అమల్లోకి వచ్చింది, 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదు. ఎవరికి ఎన్నేళ్లో తెలియాలంటే వాళ్ల రెసిడెంట్ నంబర్ (అక్కడ ప్రతి పౌరుడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) కావాలి, అక్కడి సైట్లు అప్పటికే ఎప్పట్నుంచో అకౌంట్ తెరిచేటప్పుడే అది తీసుకునేవి. చట్టం వచ్చిన అదే నెలలో అక్కడి ఒక గేమ్ నుంచి 1.32 కోట్ల మంది ఆటగాళ్ల వివరాలు చోరీ అయ్యాయి, అందులో ఆ నంబర్లూ ఉన్నాయి (ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే నేరుగా చదవలేని కోడ్‌గా మార్చి పెట్టారు, అదొక్కటే నయం). మరి పిల్లలు పడుకున్నారా అంటే, అమ్మానాన్నల నంబర్లతో లాగిన్ అయినవాళ్లు అయ్యారు, మిగిలినవాళ్లు చట్టం వర్తించని మొబైల్ గేములకి వెళ్లారు. 2021కి వచ్చేసరికి మైన్‌క్రాఫ్ట్ అంతటి గేమ్ కొరియాలో 19 ఏళ్లు నిండినవాళ్లకే అనే పరిస్థితి వచ్చింది, ఎందుకంటే కొత్త అకౌంట్ సిస్టమ్‌లో ఒక్క ఆ దేశం పిల్లల్ని రాత్రిపూట వేరుచేసి ఆపే ఏర్పాటు లేదు. ఇటుకలు పేర్చి ఇల్లు కట్టుకునే ఆటండీ అది! చివరికి 2022 జనవరి 1న ఆ చట్టాన్ని ఎత్తేశారు.

నేను రూల్సే వద్దనడం లేదు. 2018లో బెల్జియం గ్యాంబ్లింగ్ కమిషన్ డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు (లోపల ఏముందో తెరిచేదాకా తెలియని గేమ్ పెట్టెలు) జూదమే అని తేల్చింది, కంపెనీలు ఆ దేశంలో అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది, దానికోసం ఏ ఆటగాడూ ఐడీ చూపించక్కర్లేదు. 2022 డిసెంబర్‌లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఒక గేమ్ కంపెనీ చేత 52 కోట్ల డాలర్లు కట్టించడానికి సెటిల్‌మెంట్ చేసుకుంది, పిల్లల డేటా తీసుకున్నందుకు, ఒక్క బటన్ పొరపాటున నొక్కితే డబ్బు పోయేలా డిజైన్ చేసినందుకు. పిల్లలకి వాయిస్ చాట్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలని కూడా చెప్పింది. ఇలాంటివి ఎన్ని వచ్చినా నాకు సంతోషమే. డబ్బు గుంజే డిజైన్‌ని వదిలేసి ఆటగాడి ఐడీ జేబులో వేసుకునే రూల్ మీదే నా కోపం, ఆ రూల్ పేరు చెప్పి కావలసినదానికంటే ఎక్కువ డేటా లాగే కంపెనీల మీద ఇంకా కోపం.

ఇక "ఫ్రీ వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) వేసుకుని దేశం మార్చేస్తే సరిపోతుందిగా" అని అడిగినవాళ్లకి. సరిపోదు. అకౌంట్ ప్రాంతం ఒకటి, లాగిన్ ఇంకోటి అయితే కొన్ని గేములు అకౌంట్ ఆపేయొచ్చు, మీరు డబ్బు పెట్టి కొన్నవి దాంతోపాటే పోతాయి. పైగా కొన్ని ఫ్రీ వీపీఎన్‌లు మీ కనెక్షన్‌నే ఇంకొకరికి అద్దెకిస్తాయి, ఎవడో చేసిన వెధవపని మీ ఐపీ అడ్రస్ మీద కనిపిస్తుంది.

పెద్దవాళ్ల అకౌంట్ అద్దెకి తీసుకోవచ్చా అని అడిగిన కుర్రాడికి కూడా వద్దనే చెప్తా. చైనాలో 2021 సెప్టెంబర్ నుంచి 18 లోపువాళ్లకి శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆట అన్నాక ఈ అద్దె వ్యాపారం మీద పెద్ద గొడవే నడిచింది. అసలు ఓనర్ మెయిల్‌తో రికవరీ కొడితే ఆ అకౌంట్ అతనికే తిరిగి వెళ్లిపోతుంది, నువ్వు పెట్టిన డబ్బుతో సహా.

సరే, ఏ దారీ లేక ఐడీ ఇచ్చి తీరాల్సి వస్తే, గేమ్ చాట్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన లింక్ ద్వారా కాకుండా సెట్టింగ్స్‌లోంచే వెళ్లండి, "24 గంటల్లో వెరిఫై చేయకపోతే అకౌంట్ డిలీట్" అని వచ్చే మెసేజ్‌ల్ని దొంగ మెసేజ్‌లుగానే చూడండి. పేరు, ఫొటో, పుట్టినతేదీ ఉంచి కార్డు నంబర్ కప్పేసి ముందు అది పెట్టి చూడండి, ఫొటో మీద అడ్డంగా ఫలానా గేమ్ వయసు తనిఖీకి మాత్రమే అని తేదీతో రాయండి, కొన్ని సిస్టమ్‌లు తిప్పికొడతాయి, కొన్ని తీసుకుంటాయి. ఫొటోల పర్మిషన్ అడిగినప్పుడు గ్యాలరీ మొత్తం ఇవ్వకుండా ఆ ఒక్క ఫొటోనే ఎంచుకోండి. పని అయ్యాక గ్యాలరీలోంచీ, ట్రాష్‌లోంచీ, క్లౌడ్ బ్యాకప్‌లోంచీ తీసేయండి. తర్వాత ప్రైవసీ పాలసీలో ఉండే అడ్రస్‌కి రెండు లైన్లు రాయండి: నా ఐడీ ఫొటో డిలీట్ చేశారా, తనిఖీ చేసిన బయటి కంపెనీ పేరేంటి, వాళ్ల దగ్గర కూడా డిలీట్ అయ్యిందా. జవాబు వస్తే ఆ మెయిల్ భద్రంగా దాచుకోండి, రాకపోతే మీ దేశంలో డేటా ఫిర్యాదులు చూసే అధికారికి ఇదే మెయిల్ జతచేసి పంపండి.