టైల్స్ కింద హీటింగు: ఇన్సులేషన్ బోర్డు దగ్గర కక్కుర్తి వద్దు

ప్రశ్న: అన్నయ్యా, మాది రాజాం. ఇంగ్లండులో పాత ఇల్లు కొన్నాం. వంటిల్లు, బాత్రూము అంతా టైల్స్. చలికాలంలో అమ్మావాళ్లు వస్తున్నారు, ఇంట్లో చెప్పులు వేసుకోమంటే వినరు. గచ్చు ఎత్తు పెరగకుండా ఏ హీటింగు వేయించుకోవాలి?

జవాబు: తమ్ముడూ, మాది చీపురుపల్లి, పక్కూరోళ్లమే. కొత్తగా వచ్చినవాళ్లంతా నీలాగే ముందు ఎత్తు గురించి అడుగుతారు. అది చిన్న సంగతి. కరెంటు మ్యాటు, అంటే జాలీకి బిగించిన వేడెక్కే వైరు, మందం 3, 4 మిల్లీమీటర్లే, టైల్స్ అంటించే అడెసివ్‌లో కలిసిపోతుంది. అడగాల్సింది బిల్లు గురించి.

మా మొదటి ఇంట్లో పనికొచ్చినతను కాంక్రీటు మీద నేరుగా మ్యాటు పరిచేశాడు. వేడి కిందికి దిగకుండా ఆపే ఇన్సులేషన్ బోర్డు మాటెత్తితే అనవసర ఖర్చన్నాడు. ప్రతి పౌండునీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి, సరేనన్నాను. పొద్దున్నే స్విచ్చి వేస్తే, మా ఆవిడ వంట ముగించి ఆఫీసుకి బయల్దేరే వేళకి గాని టైలు వేడెక్కేది కాదు. వేడి సగం కిందికి, కాంక్రీటులోకి దిగిపోయేది. ఆ చలికాలం బిల్లు చూశాక స్విచ్చి ముట్టుకోలేదు. తర్వాత టైల్స్ పగలగొట్టించి, 10 మిల్లీమీటర్ల బోర్డు, దాని మీద కొత్త మ్యాటు, కొత్త టైల్స్. బోర్డు దగ్గర మిగిలిందానికి ఎన్నో రెట్లు పోయింది. ఇప్పుడు మా అమ్మ వస్తే ఆ వంటింట్లోనే కింద కూర్చుని, కత్తిపీట ముందు పెట్టుకుని వంకాయలు తరుగుతుంది.

బాత్రూముకి కరెంటు మ్యాటే మేలు. చదరపు మీటరుకి 150 వాట్లనుకో. 4 చదరపు మీటర్లకి 600 వాట్లు, రోజుకి 2 గంటలు వేస్తే 1.2 యూనిట్లు. భరించగలవు. హాలూ వంటిల్లూ కలిపి రోజంతా వెచ్చగా ఉండాలంటే మాత్రం కరెంటు జోలికి పోకు. ఇక్కడ కరెంటు యూనిట్టు ధర గ్యాసుకి దాదాపు 4 రెట్లు. అక్కడికి గ్యాసు బాయిలరుతో నడిచే వేడినీళ్ల పైపులే నయం. గాడులున్న బోర్డులో పైపులు కూర్చే పల్చటి రకాలు 15, 20 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. వేయించడానికి ఖర్చెక్కువే, తలుపుల అడుగు కూడా కొంచెం కోయించాలి. కానీ నెలనెలా మిగులుతుంది.

కప్‌బోర్డుల కింద, బాత్‌టబ్బు కింద మ్యాటు వేయనివ్వకు. డబ్బు దండగ, పైగా వేడి పోయే దారిలేక వైరు పాడవుతుంది. మలుపు దగ్గర జాలీనే కత్తిరించాలి, వైరుని కాదు. మ్యాటు విప్పగానే, పరిచాక, టైల్స్ అంటించాక, మూడుసార్లూ మీటరుతో వైరు రెసిస్టెన్సు కొలిపించి కాగితం మీద రాయించుకో. తాపీ అంచు తగిలి వైరు తెగితే అప్పుడే తెలుస్తుంది, ఎవరి ఖర్చో కూడా అప్పుడే తేలుతుంది. అడెసివ్ పూర్తిగా ఆరేదాకా స్విచ్చి వేయకు.

బాత్రూము కరెంటు పనికి అర్హతున్న ఎలక్ట్రీషియనే కావాలి. ఆ రూల్సు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి, చూసుకో.

గదుల కొలతలు, కింద కాంక్రీటా చెక్కా అన్నది రాయి. ఎంత మ్యాటు పడుతుందో లెక్కకట్టి పంపుతాను. అది చేతిలో ఉంచుకునే కొటేషన్లు అడుగు.