బోన్సాయ్ కుండీ ఎప్పుడు మార్చాలి, వేర్లు ఎంతవరకు కత్తిరించాలి?

ఏళ్ల లెక్క కన్నా వేర్లను చూసి నిర్ణయించుకోవడం మేలు. చెట్టును మెల్లగా పైకెత్తండి. వేర్లు కుండీ అంచు వెంట చుట్టలు చుట్టుకుని ఉంటే మార్చాల్సిందే. లేత చెట్లకు సాధారణంగా 2 ఏళ్లకోసారి, ముదురు వాటికి 3 నుంచి 5 ఏళ్లకోసారి ఈ అవసరం వస్తుంది. ఆకు రాల్చే రకాలైతే మొగ్గలు ఉబ్బి, ఇంకా విచ్చుకోని సమయం చూసుకోండి.

చెక్క పుల్లతో వేర్లను దువ్వినట్టు విడదీసి, మూడో వంతుకు మించకుండా కత్తిరించండి. సన్న వేర్లు వీలైనన్ని ఉంచండి, నీళ్లు పీల్చేవి అవే. పైన్ చెట్టుకైతే పాత మట్టి కొంత వేర్లకే ఉంచాలి, అందులో వేర్లకు మేలు చేసే శిలీంధ్రం ఉంటుంది.

కొత్త మట్టి పోశాక పుల్లతో పొడుస్తూ వేర్ల మధ్య ఖాళీలన్నీ నింపండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. చెట్టును వైరుతో కుండీకి కట్టేయండి, ఊగితే లేత వేర్లు తెగిపోతాయి. కొన్ని వారాలు ఎండ తగ్గించండి, ఎరువు అసలు వద్దు.