తండ్రి లేని పిల్లల ఆస్తి కేసుకు ఫీజు కట్టలేకపోతే ఉచితంగా లాయర్ దొరుకుతారా?

దొరుకుతారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు, మహిళలకు, వికలాంగులకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. పిల్లల తరఫున తల్లి గానీ సంరక్షకులు గానీ అడగవచ్చు.

వెళ్లాల్సింది జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు. మండల స్థాయి కోర్టుల దగ్గరా కమిటీలు ఉంటాయి. తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే అక్కడివాళ్లే రాసిపెట్టాలి. ముందుగా 15100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. లాయర్ ఫీజే కాదు, కోర్టు ఫీజు, కాగితాల నకళ్ల ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. కాబట్టి కేటాయించిన లాయర్ "పై ఖర్చులు" అని డబ్బు అడిగితే ఇవ్వకండి, సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయండి. ఆయన జడ్జి హోదా అధికారి, మొహమాటం అక్కర్లేదు.

వృద్ధుల సంగతి కాస్త వేరు. సెక్షన్ 12 జాబితాలో వయసు ఒక్కటే అర్హత కాదు, పురుషులైతే సాధారణంగా ఆదాయ పరిమితి చూస్తారు. అయితే బిడ్డలు పోషించడం లేదన్న ఫిర్యాదుకు 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్ ఉంది. సివిల్ కోర్టు కంటే అదే సులువు.