టెక్ సందేహాలు: ముందు నీళ్లు, తర్వాతే ఊళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం మీద ఉన్నాయి: ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి ఆడే ఆట) కోసం ఊహా ప్రపంచానికి మ్యాప్ గీయడం. రాసినవాళ్లలో డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో స్నేహితులతో కథలా ఆడుకునేవాళ్లు ఉన్నారు, సొంతంగా గేమ్ తయారుచేస్తున్నవాళ్లూ ఉన్నారు. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. అందుకే ఈసారి ఫోన్ బ్యాటరీలు, వైఫై రౌటర్లు పక్కన పెట్టి చోటంతా వీటికే ఇచ్చాను.

మేం ఆరుగురు స్నేహితులం. ప్రతి శనివారం రాత్రి డిస్కార్డ్‌లో ఆడతాం, కథ నడిపేది నేను. అజ్‌గార్ మ్యాప్ జనరేటర్‌లో నిమిషంలో ప్రపంచం వచ్చేసింది కానీ అది నాదనిపించడం లేదు. చేత్తో గీస్తే నదులు, కొండలు ఎక్కడ పెట్టినా అతికించినట్టు కనిపిస్తున్నాయి. (వరంగల్ నుంచి ఒక బీటెక్ విద్యార్థి)

మీరు పంపిన మ్యాప్ చూశాను. ముందు రాజధానులు, సరిహద్దులు గీసి, మిగిలిన ఖాళీలో నదిని పారించినట్టున్నారు. వరస మార్చండి. మొదట ఎత్తుపల్లాలు, తర్వాత నీళ్లు, ఆ తర్వాత అడవులు, చివరికి మనుషులు.

నీళ్ల తీరు మనకు తెలిసిందే. గోదావరి పుట్టే త్ర్యంబకం నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా ఆ నది అటు పోదు. 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమట కనుమలు గోడలా నిలబడ్డాయి, దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంది. మీరూ సముద్రం ఎంత దగ్గరగా ఉందో చూడకుండా నేల ఎటు వాలిందో చూసి గీత లాగండి. దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలుస్తాయి. కిందికి వచ్చేకొద్దీ నదులు కలుస్తూ పోతాయి. ధవళేశ్వరం దాటాక, నేల చదునైపోయి మోసుకొచ్చిన ఒండ్రు పడిపోయే చోట, గౌతమి అనీ వశిష్ఠ అనీ పాయలవుతాయి. మీ మ్యాప్‌లో నది కొండల నడుమే రెండుగా చీలి రెండు సముద్రాల్లో కలుస్తోంది. కంటికి ఏదో తేడాగా అనిపించింది అదే.

సరస్సుదీ అదే సంగతి. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటివి ఎన్ని వచ్చి పడినా సముద్రానికి తీసుకెళ్లేది ఉప్పుటేరు. మీ సరస్సుకు మూడు వైపుల నుంచి మూడు నదులు బయటికి పోతున్నాయి. ఒక్కటి ఉంచండి చాలు. నీళ్లు అన్నిటికంటే పల్లంగా ఉన్న అంచును కోసుకుని అక్కడి నుంచే వెళ్లిపోతాయి.

తర్వాత గాలి. మ్యాప్ అంచున ఒక బాణం గీసి, వాన మోసుకొచ్చే గాలి ఎటు నుంచి వీస్తుందో తేల్చుకోండి. కొండలకు గాలి తగిలే వైపు దట్టమైన అడవి, వెనక వైపు మెట్ట నేల. పడమటి కనుమలకు అటువైపు కుండపోత కురుస్తుంటే ఇటు అనంతపురం మబ్బు కోసం ఎదురుచూసేది ఇందుకే. ఈ ఒక్క బాణంతో మీ ఎడారి ఎక్కడుండాలో, ధాన్యం ఎక్కడ పండుతుందో, ఎవరు ఎవరి మీదికి దండెత్తుతారో తేలిపోతుంది.

నది కొండల వరసను దాటకూడదని మ్యాపులు గీయడం నేర్పేవాళ్లు కొందరు చెబుతుంటారు. పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. గోదావరి తూర్పు కనుమలను కోసుకునే మైదానంలోకి దిగింది. కథ నడిపేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు ఉండదని నా నమ్మకం. రెండు వైపులా నిట్టనిలువు కొండ, మధ్యలో సన్నని నీటి దారి, పైనున్న అడవి సరుకంతా ఆ దారినే కిందికి రావాలి. అక్కడ సుంకం వసూలు చేసే ఒక చిన్న కోట పెట్టండి. ఆ కోట ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మీద పది శనివారాలు ఆడుకోవచ్చు.

ఊళ్లకు చోటు అప్పుడు దానంతట అదే దొరుకుతుంది. కృష్ణ రెండు కొండల మధ్య నుంచి డెల్టాలోకి అడుగుపెట్టే చోట విజయవాడ ఉంది. మీ మ్యాప్‌లోనూ రెండు నదులు కలిసే చోట, కాలినడకన ఏరు దాటగలిగే రేవు దగ్గర, కనుమ దారి మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ ఊరు లేకపోతే ఎందుకు లేదో మీ దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబే ఒక కథ.

అజ్‌గార్‌ను మాత్రం వదలకండి. ఉచితం, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. దాన్ని చిత్తు ప్రతిగా వాడండి. అందులో గాలుల దిశ, ఉష్ణోగ్రత మార్చుకోవచ్చు. హైట్‌మ్యాప్ (ఎంత తెల్లగా ఉంటే నేల అంత ఎత్తని చూపే నలుపు తెలుపు చిత్రం) ఎడిటింగ్‌లోకి వెళ్లి బ్రష్‌తో కొండలు లేపి ఎరేజ్ పద్ధతిలో ముగిస్తే నదులను కొత్త వాలు ప్రకారం అదే మళ్లీ లెక్కగడుతుంది. అది పెట్టిన పేర్లు, రాజ్యాలు తీసేసి, నేలను మాత్రం చిత్రంగా దించుకుని, క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పైన ఇంకో లేయర్ వేసి మీ చేత్తో గీయండి. మొదట ఒక తాలూకా అంత ప్రాంతం చాలు. మీ ఆటగాళ్లు వచ్చే నెల వరకు అది దాటరు.

ఒక జాగ్రత్త. పని ముగించిన ప్రతిసారీ మ్యాప్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి దించుకోండి. మూడు వారాలు కూర్చుని చేసిన ఒక ద్వీపసమూహం నా బ్రౌజర్‌లో మాత్రమే ఉండేది. సైట్ డేటా శుభ్రం చేసిన రోజున అది కూడా పోయింది. ఆ బాధ ఇంకెవరికీ వద్దు.

ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్ గేమ్ చేస్తున్నాం. మ్యాప్ 16 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు. పాత్ర సెకనుకు 6 మీటర్లు పరిగెడుతుంది. ఎంత నింపినా ఖాళీగా ఉంటోంది. (హైదరాబాద్)

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో కొలవండి. మీ వేగం బాగానే ఉంది, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో మామూలు పరుగు సెకనుకు 7 గజాలు, అంటే 6.4 మీటర్లు. ఆ లెక్కన మీ ప్రపంచాన్ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటాలంటే 44 నిమిషాలు ఆపకుండా పరిగెత్తాలి.

ఇప్పుడు పని లెక్క చూడండి. ఆటగాడికి ప్రతి 40 సెకన్లకు చూడదగ్గది ఒకటి ఎదురవ్వాలని అనుకుందాం. కూలిన గుడి కావచ్చు, గుహ, దొంగల గుడారం, ఒంటరి మర్రిచెట్టు ఏదైనా కావచ్చు. అంటే 240 మీటర్లకు ఒకటి. 16 కిలోమీటర్ల చదరంలో అలాంటివి 4,400కు పైగా కావాలి. ఇద్దరు మనుషులు సెలవు రోజుల్లో చేయగలిగిన పని కాదది. అదే 4 కిలోమీటర్ల చదరమైతే 280 సరిపోతాయి, దాటడానికి 11 నిమిషాలు పడుతుంది. నా సలహా సూటిగా చెబుతున్నాను: 4 కిలోమీటర్లకు కుదించండి. ఇప్పటిదాకా చేసినదాంట్లో మంచివన్నీ ఆ చదరంలోకి తెచ్చుకోండి.

చిన్నదైపోతుందని టెన్షన్ పడకండి. చుట్టూ ఒకేసారి కనిపించే మైదానం చిన్నగా అనిపిస్తుంది. మధ్యలో ఒక కొండల వరస వేసి, ఒక్క కనుమ దారి మాత్రం వదిలితే అదే నేల రెండు దేశాలవుతుంది. ఆ దారి మలుపులు తిరుగుతూ ఎక్కి, పైకి చేరగానే అవతలి లోయ మొత్తం ఒక్కసారిగా కనిపించాలి. నది మీద వంతెనలు రెండుకు మించి పెట్టకండి. ఎదురుగా కనిపిస్తున్న ఊరికి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తే ఆ ఊరి మీద కోరిక పెరుగుతుంది.

జనం పెరిగితే ఏంటని అడుగుతారేమో. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ గేమ్‌కు ఈ ఇబ్బంది ఎదురైంది. ఆటగాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి స్థలాలు దొరకలేదు. పైగా ఒకరినొకరు చంపుకునే ఆట ఇష్టపడేవాళ్లు, ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లు ఒకే నేల మీద ఇరుక్కుపోయారు. 2000లో వాళ్లు అదే మ్యాప్‌కు రెండో ప్రతి తెచ్చారు. ఫెలుక్కాలో పాత పద్ధతి, ట్రామెల్‌లో అనుమతి లేకుండా ఇంకొకరి మీద చెయ్యి వేయలేరు. కొండలు, నదులు రెండింట్లోనూ అవే. ఆటలోని ఉద్వేగం చప్పబడిందని పాత ఆటగాళ్లు కొందరు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయం ఉంది. కానీ సర్వర్ నిండిన రోజున కొత్త ఖండం గీయక్కర్లేదనడానికి మీకు ఇదొక ఉదాహరణ.

హైట్‌మ్యాప్ గీసి యూనిటీలోకి తెచ్చాను. కొండలన్నీ వరి మడుల్లా మెట్లు మెట్లుగా వచ్చాయి. బ్రష్‌తో సాఫీ చేస్తే ఆకారమే పోతోంది. (తిరుపతి)

మీ చిత్రం 8 బిట్‌లో ఉంది. అందులో నలుపు నుంచి తెలుపు వరకు 256 మెట్లే. మీరు ఎత్తు 600 మీటర్లు పెట్టారు కాబట్టి ఒక్కో మెట్టు 2.3 మీటర్ల పైన, మనిషి కంటే ఎత్తు. 16 బిట్‌లో 65,536 మెట్లు ఉంటాయి, మెట్టు ఒక సెంటీమీటరు కంటే తక్కువకు దిగుతుంది. క్రిటాలో కొత్త ఫైల్ తెరిచేటప్పుడే 16 బిట్ ఎంచుకోండి. ఇప్పుడున్న ఫైల్‌ను 16కు మార్చినంత మాత్రాన మధ్య మెట్లు పుట్టవు. మార్చాక కొద్దిగా బ్లర్ చేయాలి, దాని మీద సన్నని గరుకుదనం మళ్లీ గీసుకోవాలి. యూనిటీ అడిగే కొలతలు చుక్కల్లో (పిక్సెల్స్) 513, 1025, 2049 ఇలా ఉంటాయి. రా (.raw) ఫైల్‌గా తెచ్చాక ప్రపంచం తలకిందులైతే ఇంపోర్ట్ చేసే చోట నిలువుగా తిప్పే ఆప్షన్ ఉంది.

నిజమైన కొండల మీద ఆశ ఉంటే నాసా 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పాపికొండల ముక్క కత్తిరించుకోవచ్చు. ఒక్కో చుక్క సుమారు 30 మీటర్లు, కాబట్టి 2049 చుక్కలంటే 60 కిలోమీటర్ల నేల. దాన్ని 4 కిలోమీటర్ల గేమ్‌లోకి కుదిస్తే అడ్డం 15 రెట్లు తగ్గుతుంది. ఎత్తును కూడా అంతే తగ్గిస్తే కొండలు దిబ్బలైపోతాయి, అలాగే ఉంచితే ఎక్కలేని గోడలవుతాయి. నాలుగో వంతు దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకోండి.

మా అబ్బాయికి 13 ఏళ్లు. గుంటూరులో ఉన్న పెద్దనాన్న పిల్లలతో ఆన్‌లైన్‌లో ఆడతాడు. మ్యాప్ మీద పేర్లు తెలుగులో రాయాలని వాడి పట్టుదల. ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నాయి. (డల్లాస్ నుంచి ఒక అమ్మ)

ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించానండీ. లోపం మీవాడిది కాదు. తెలుగు అక్షరాలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా అమరాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కూర్చే ఏర్పాటు ఉండాలి. కొన్ని మ్యాప్ ప్రోగ్రాముల్లో అది లేదు. డబ్బు కట్టే ముందు ట్రయల్‌లో 'స్త్రీ', 'క్ష్మి' అని రాసి చూడండి. మ్యాప్‌ను అక్కడే గీసి, పేర్లు మాత్రం ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాయమనండి. ఉచితం, ఒత్తులు చక్కగా వస్తాయి. రామభద్ర, సూరన్న, ధూర్జటి, మండలి వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాజ్యాల పేర్లకు లావైన రామభద్ర, ఊళ్లకు సన్నని మండలి బాగుంటాయని నా అభిరుచి. చివర్లో అక్షరాలను గీతలుగా మార్చే 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కితే గుంటూరు పిల్లల దగ్గర ఆ ఫాంట్ లేకపోయినా అక్షరం మారదు. కానీ అప్పుడిక పేరు దిద్దలేరు, కాబట్టి ముందు ఒక కాపీ దాచుకోవాలి.

మీవాడికి ఒక ఆట కూడా చెప్పండి. మన ఊరి పేర్ల చివర చూస్తే నేల తెలుస్తుంది. నది పాయల మధ్య దీవి లంక, సముద్రం ఒడ్డున పట్నం, నీళ్ల పక్కన కుంట, అడవి అంచున గూడెం, రాయి కనిపిస్తే కొండ. మ్యాప్ మీద ఏ చోట ఏ చివర సరిపోతుందో ముందు పెన్సిల్‌తో రాసుకుని, ముందు భాగం ఊహించమనండి. 'నిద్రలంక', 'ఇనుపగూడెం' అని పేరు వినగానే అక్కడ ఏముందో చూడాలనిపిస్తుంది. అమ్మమ్మను అడిగితే మీకూ తెలియని పేర్లు చాలా చెబుతారు.

మ్యాప్ ఫైల్ 9 ఎంబీనే. అయినా స్నేహితుల ఫోన్లలో బ్రౌజర్ మూసుకుపోతోంది. (విజయనగరం)

ఫైల్ సైజు డౌన్‌లోడ్‌కు సంబంధించినది. తెరిచాక చిత్రం మెమరీలో పూర్తిగా విప్పుకుంటుంది. మీది 8,000 చుక్కల చదరం, ఒక్కో చుక్కకు 4 బైట్లు, మొత్తం 256 ఎంబీ. వెబ్‌పీ అనే చిన్న సైజు చిత్రంగా మార్చినా ఈ అంకె తగ్గదు. 4,096కు కుదిస్తే 64 ఎంబీ అవుతుంది, చాలా ఫోన్లు తట్టుకుంటాయి. ప్రపంచానికి ఒక చిన్న మ్యాప్, ఒక్కో ప్రాంతానికి వేరే మ్యాప్ పెట్టుకోవడం ఇంకా మంచిది. ఒకే పెద్ద మ్యాప్ జూమ్ అవుతూ కావాలంటే వెబ్ పేజీలో మ్యాపులు చూపే లీఫ్‌లెట్ లైబ్రరీతో 256 చుక్కల పలకలుగా ముక్కలు చేయాలి. అప్పుడు తెర మీద కనిపించేవే లోడ్ అవుతాయి.

మ్యాపులు గీసే ఇంకార్నేట్ సైట్‌లో ఉచిత ఖాతాతో గీసిన మ్యాప్‌ను నేను అమ్మబోయే గేమ్‌లో పెట్టొచ్చా? (నెల్లూరు)

వద్దండీ. ఉచిత ఖాతా సొంత వాడకానికి మాత్రమే, అమ్మకానికి వాడాలంటే ప్రో తీసుకోవాలి. తీసుకున్న రోజు ఉన్న షరతుల పేజీని పీడీఎఫ్‌గా దాచి, గేమ్ ఫైళ్లతో పాటే ఉంచుకోండి.