పాటల మూలాలు వెతకబోయే మేనల్లుడికి

కిట్టూ,

కొత్త పాటల్లో దాగిన పాత పాటల ముక్కల్ని పట్టి చూపించే ఛానెల్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా ఉద్యోగమంతా రేడియో రికార్డుల గదిలోనే గడిచింది కదా, ఇంట్లో ఇంకొకరికి ఆ చెవి వచ్చిందని ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే ఛానెల్ పేరు ‘దొంగ ట్యూన్లు’ అని కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముందు ఆ పేరు తీసెయ్.

హెడ్‌ఫోన్స్ మంచివి వాడు. గొంతు వదిలేసి బేస్, డ్రమ్స్ విను. ఇవి నీకు తెలిసినవే.

ట్యూన్ ఒకటే అనిపించినంత మాత్రాన అది శాంపిల్ అయిపోదు. శాంపిల్ అంటే పాత రికార్డులోని శబ్దాన్నే కోసి తెచ్చుకోవడం. దాంతోపాటు ఆ గది ఎకో, వెనక సన్నటి గరగర, సగంలో తెగిన సింబల్ (డ్రమ్స్ దగ్గరుండే ఇత్తడి పళ్లెం) మోత కూడా వచ్చేస్తాయి. తిప్పి తిప్పి వేసినప్పుడల్లా అది అక్కడే తెగుతుంది. మనిషి మళ్లీ వాయిస్తే రెండుసార్లు అచ్చం ఒకేలా రాదు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ బృందం చేసిన ‘రాపర్స్ డిలైట్’ విను. అందులో బేస్, షీక్ అనే బృందం చేసిన ‘గుడ్ టైమ్స్’దే, కానీ స్టూడియోలో మనుషులు కూర్చుని మళ్లీ వాయించారు. ట్యూన్ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. తేడా తెలియకుండా నోరు జారితే లేని తప్పు అంటగట్టినవాడివి అవుతావు.

వేగం సంగతి కూడా చూసుకో. డిస్కును సుమారు 6 శాతం వేగంగా తిప్పితే శ్రుతి ఒక సెమిటోన్, అంటే కీబోర్డు మీద ఒక మెట్టు పైకి పోతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ అయితే వేగాన్నీ శ్రుతినీ విడివిడిగా మారుస్తుంది. అందుకే దొరకనప్పుడు రెండూ వేరువేరుగా కదిపి చూడు.

ఇక నా అసలు టెన్షన్. మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. ఒక్కసారి వింటే చాలు, ఏ రికార్డో చెప్పేసేవాడు. ఓసారి రెండు పాటల్లో ఒకే గిటార్ బిట్ పట్టాడు. ఒకటి పేరున్న పెద్దాయనది, ఇంకోటి కొత్త కుర్రాడిది. కవర్ల మీద ఏడాది చూస్తే పెద్దాయన డిస్కే తర్వాత వచ్చినట్టుంది. ఇంకేముంది, పెద్దాయన కుర్రాడి బిట్ కొట్టేశాడని పత్రికకు రాసేశాడు. తీరా చూస్తే కవరు మీదున్నది మళ్లీ విడుదల చేసిన ఏడాది. అసలు రికార్డింగ్ అంతకు చాలా ముందుది. డిస్కును వెలుతురుకు వాల్చి పట్టుకుంటే, గాడులు అయిపోయిన చోట, లేబుల్ అంచున చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డు గుర్తు నంబరు, కనిపిస్తుంది. ఆ నంబరుతో మా రిజిస్టరు తిరగేసి ఉంటే ఐదు నిమిషాల పని. ఇంతా చేసి ఆ బిట్ ఇద్దరిదీ కాదు, అందరూ వాయించే పాత బాణీ! సవరణ చివరి పేజీలో రెండు లైన్లు వేశారు, ఎవరూ చదవలేదు. పెద్దాయన గొడవ పెట్టుకోలేదు, మా స్టూడియోకు రావడం మానేశాడు. తర్వాత ఒకచోట కనబడి, “నువ్వు కూడా నమ్మావా అమ్మా?” అని అడిగాడు. నేను నమ్మలేదనే చెప్పాను. ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు లేదు.

ఇప్పటి యాప్‌లలోనూ చాలాసార్లు రీమాస్టర్ ఏడాదే, అంటే పాత రికార్డింగ్‌ను మెరుగుచేసి మళ్లీ విడుదల చేసిన ఏడాదే కనిపిస్తుంది, చూసుకో. అర్ధరాత్రి దొరికింది అర్ధరాత్రే అప్‌లోడ్ చేసే తొందర నీది, నాకు తెలియదా? ఒక్క రోజు ఆపు. దొరికిన పాట వెనక ఇంకో పాట ఉందేమో వెతుకు.

ఎవరి మనసులో ఏముందో కూడా చెప్పకు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ పాట ‘మై స్వీట్ లార్డ్’ మీద 1976లో తీర్పిచ్చిన జడ్జి, అది షిఫాన్స్ అనే బృందం పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ నుంచే వచ్చిందన్నాడు, కానీ తెలియకుండా జరిగిందని కూడా అన్నాడు. అంత విచారణ చేసిన జడ్జే అంత జాగ్రత్తగా మాట్లాడితే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న నీకు ‘దొంగ’ అనే మాట ఎందుకు నాన్నా?

నీ తెలివితేటలు వాయించినవాళ్ల పేర్లు బయటికి తేవడానికి వాడు. 1969లో విన్‌స్టన్స్ బృందం చేసిన ‘అమెన్, బ్రదర్’లో గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ ముక్క వేల పాటల్లోకి పోయింది. 2006లో ఆయన పోయేదాకా రాయల్టీ కింద ఏమీ అందలేదు. బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో గిర్రున తిరిగే ఆ వయొలిన్లు 1981 నాటి ‘ఏక్ దూజే కే లియే’లో మన బాలు, లతా పాడిన ‘తేరే మేరే బీచ్ మే’వి. లక్ష్మీకాంత్ ప్యారేలాల్ సంగీతం. నేను మొదటిసారి పట్టుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నీ వీడియో చూసేవాళ్లకూ ఆ సంబరమే కలగాలి.

నువ్వు మీ అమ్మకు పంపిన రెండో పాట విన్నాను. అందులో బేస్ శాంపిల్ కాదేమో అనిపిస్తోంది, మూడోసారి వచ్చినప్పుడు ఒక స్వరం కాస్త ఆలస్యంగా పడుతోంది. గొంతు తీసేసి ఆ ముక్క ఒక్కటే పంపు, ఆదివారంలోగా విని ఫోన్ చేస్తాను.

మీ అత్తయ్య